మీకు తెలుసా? తెలిసినవాళ్లు గదిలోనే ఉంటారు!

నిర్ణయాలు ఎలా తీసుకోవాలో హైస్కూలు పిల్లలకు నేర్పేందుకు ఒక పాఠ్యపుస్తకం రాయబూనిన పెద్దలు, తమ పుస్తకం ఎప్పటికి పూర్తవుతుందన్న దగ్గరే బోల్తా పడ్డారు. 1970లలో ఇజ్రాయెల్‌లో జరిగిన సంగతి ఇది. ఆ బృందాన్ని కూడగట్టింది మరెవరో కాదు, తర్వాత 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న మనస్తత్వ శాస్త్రవేత్త డానియల్ కానమన్. 2011లో వచ్చిన ‘థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో’లో ఈ భాగోతాన్ని ఆయనే దాచుకోకుండా చెప్పారు.

వాళ్లు ప్రతి శుక్రవారం మధ్యాహ్నం కూర్చునేవారు. ఏడాది తిరిగేసరికి ప్రణాళిక సిద్ధమైంది, ఒకటి రెండు అధ్యాయాలూ రాశారు. ఒకరోజు కానమన్, ఇంకా ఎన్నాళ్లు పడుతుందో ఎవరికి వారు కాగితం మీద రాయమన్నారు. అన్నీ ఏడాదిన్నరకూ రెండున్నరేళ్లకూ మధ్యనే తేలాయి. ఆ తర్వాత పాఠ్యప్రణాళికల పనిలో తలపండిన సభ్యుడి వైపు తిరిగి, మనలాంటి బృందాలకు మామూలుగా ఎంతకాలం పట్టిందని అడిగారు. ఆయన మొహం ఎర్రబడింది. నూటికి నలభై బృందాలు అసలు పూర్తే చేయలేదట. చేసినవాళ్లకు ఏడు నుంచి పదేళ్లు పట్టిందట. పోనీ మనం వాళ్లకంటే మెరుగా అంటే, కాస్త తక్కువేనన్నారు. కాసేపటి క్రితం అందరితోపాటు కాగితం మీద రెండేళ్ల లెక్క రాసింది ఈయనే! వివరమంతా ఆయన బుర్రలోనే ఉంది. అడిగినవాళ్లు లేరు, ఆయనకూ తట్టలేదు.

అసలు తమాషా దీని తర్వాత ఉంది. ఇంత విన్నాక కూడా వాళ్లు పని ఆపలేదు! పుస్తకం పూర్తయ్యేసరికి ఎనిమిదేళ్లు పట్టింది. అప్పటికి విద్యాశాఖ ఉత్సాహం చల్లారింది. ఆ పాఠాలు ఏనాడూ వాడకంలోకి రాలేదు.

*

ఇలా మనసులో ఉండిపోయే మాటను బయటికి లాగే చిట్కా ఒకటి గ్యారీ క్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పారు. పేరు ‘ప్రీమార్టమ్’. 2007లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో దీని గురించి రాశారు. పని మొదలుపెట్టకముందే, ఏడాది గడిచిందనీ, తలపెట్టింది ఘోరంగా దెబ్బతిన్నదనీ అందరూ ఊహించుకోవాలి. ఎందుకు దెబ్బతిన్నదో తలా ఒక కాగితం మీద రాయాలి. అంతే. ‘ఎవరికైనా అనుమానాలున్నాయా?’ అని బాసు అడిగితే ఎవరూ పెదవి విప్పరు. అదే ‘పోయింది, ఎందుకు పోయిందో చెప్పండి’ అంటే తెలివితేటలు చూపించుకోవడానికైనా నోరు తెరుస్తారు. నిపుణుల సహజజ్ఞానాన్ని ఎంతవరకు నమ్మాలన్న విషయంలో క్లైన్‌తో పేచీ ఉన్న కానమన్ కూడా ఈ చిట్కాను మెచ్చుకున్నారు.

*

ఇంటెల్ పేరు చెబితే మనకు గుర్తొచ్చేది కంప్యూటర్లలోని ప్రాసెసర్. కానీ ఆ కంపెనీ పుట్టింది, పెరిగింది మెమరీ చిప్‌ల మీద. 1980లలో జపాన్ కంపెనీల ధాటికి ఆ వ్యాపారం నష్టాల్లో పడింది. 1985 మధ్యలో ఒకరోజు అధ్యక్షుడు ఆండీ గ్రోవ్, సీఈఓ గోర్డన్ మూర్ దిగులుగా కూర్చున్నారు. కిటికీలోంచి చూస్తే దూరంగా ఒక వినోద పార్కులో జెయింట్ వీల్ తిరుగుతోంది. మనిద్దరినీ గెంటేసి కొత్త సీఈఓను తెస్తే అతనేం చేస్తాడని గ్రోవ్ అడిగారు. మెమరీని వదిలించుకుంటాడని మూర్ తడుముకోకుండా చెప్పారు. అయితే మనమే గుమ్మం దాటి వెళ్లి, మళ్లీ లోపలికొచ్చి ఆ పని చేయొచ్చుగా అన్నారు గ్రోవ్. 1996 నాటి ‘ఓన్లీ ది పారనాయిడ్ సర్వైవ్’లో ఇది ఉంది. నాకు ఇంతకంటే నచ్చేది ఆ తర్వాతి ముక్క. నిర్ణయాన్ని ఎంతో బెరుకుగా కొనుగోలుదారులకు చెబితే, ఇంతకాలం ఎందుకు పట్టిందన్నట్టు మాట్లాడారట వాళ్లు! బయటివాళ్లకు ఎప్పుడో తెలిసిపోయింది.

*

ఒక బల్ల పదమూడేళ్లపాటు నోళ్లు నొక్కేసిందంటే నమ్ముతారా? ‘టాయ్ స్టోరీ’ తీసిన పిక్సార్‌లో సమావేశాల గదిలో అందమైన సన్నని పొడుగు బల్ల ఉండేది. పెళ్లి బంతిలా అటూ ఇటూ బారులు తీరి ముప్ఫై మంది దాకా కూర్చునేవారు. ఆ చివర ఉన్నవాళ్ల మాట ఈ చివరికి వినపడదు. దర్శకుడు, నిర్మాత అందరి మాటలూ వినాలి కాబట్టి పెద్దలతోపాటు వాళ్లనూ మధ్యలో కూర్చోబెట్టేవారు. ఎవరి చోటు ఎవరిదో తెలియడానికి పేర్లు రాసిన కార్డులు వెలిశాయి. చివర కుర్చీ దక్కినవాడు తన మాటకు విలువ లేదనుకుని ఊరుకునేవాడు. అలా చేయాలని ఎవరూ అనుకోలేదు. మధ్యలో కూర్చునే పిక్సార్ సహ వ్యవస్థాపకుడు ఎడ్ క్యాట్మల్‌కు అన్నేళ్లూ ఇది కనిపించనే లేదు. ఒకసారి చిన్న గదిలో చదరపు బల్ల చుట్టూ కూర్చుంటే మాటలు దొర్లిపోవడం చూశాక గాని ఆయనకు వెలగలేదు. పాత బల్ల తీయించారు. కొత్త బల్ల వచ్చింది... దాని మీదా పేర్ల కార్డులు ప్రత్యక్షం! ‘ఫైండింగ్ నీమో’ దర్శకుడు ఆండ్రూ స్టాంటన్ వాటిని ఎత్తి కలగాపులగం చేస్తే గాని ఆ జబ్బు వదల్లేదు. ఇది క్యాట్మల్ రాసిన ‘క్రియేటివిటీ, ఇంక్.’ (2014)లోని ఉదంతం. మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో చాలావాటిని పది పేజీలకు కుదించొచ్చు. దీన్ని మాత్రం కుదించలేం.

*

నోరు తెరిపించడమే కాదు, ధైర్యం నిలపడమూ నాయకుడి పనే. తర్వాత మైక్రోసాఫ్ట్ సీఈఓ అయిన సత్య నాదెళ్ల, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివే రోజుల్లో ఆఫ్ స్పిన్నర్. ఒక మ్యాచ్‌లో ఆయన బౌలింగ్ తేలిపోయింది. కెప్టెన్ బంతి తీసుకుని తనే వేసి వికెట్ పడగొట్టాడు. ఊపు మీదున్నాడు కదా, కొనసాగించొచ్చు. కానీ మళ్లీ నాదెళ్లకే బంతి ఇచ్చాడు. ఆయన ఆ మ్యాచ్‌లో వికెట్లు తీశారు. ముందున్న మ్యాచ్‌లకు తన అవసరం ఉంటుంది కాబట్టి ధైర్యం సడలకూడదనే కెప్టెన్ అలా చేసి ఉంటాడని నాదెళ్ల 2017లో ‘హిట్ రిఫ్రెష్’లో రాశారు.

*

సీఈఓలు పుస్తకాలు రాయడం కొత్తేమీ కాదు. శ్రీకృష్ణదేవరాయలు సింహాసనం మీద ఉండగానే ‘ఆముక్తమాల్యద’ నాలుగో ఆశ్వాసంలో రాజనీతిని గుదిగుచ్చారు. ఆ కావ్యంలో రాజైన యామునాచార్యుడు రాజ్యం కొడుక్కి అప్పగిస్తూ చెప్పే మాటలవి. చెరువులు, కాలువలు పెంచమనడం, పేద రైతుకు పన్నులో వెసులుబాటు ఇవ్వమనడం, రేవులను బాగు చేసి సముద్ర వ్యాపారం పెంచమనడం అందులో ఉన్నాయి. దూరదేశాల నుంచి ఏనుగులు, గుర్రాలు తెచ్చే వర్తకులను ఎలా చూసుకోవాలో కూడా చెప్పారు. వాళ్లకు దర్శనమివ్వాలి, మర్యాదలు చేయాలి, మంచి లాభం రానివ్వాలి. ఆ గుర్రాలు శత్రువు లాయంలోకి చేరకుండా ఉండాలంటే అదే దారి అన్నారు.