బహుసంప్రదాయ కుటుంబంలో బిడ్డ, పండుగలు, కాపరి బాధ్యత

ఉపోద్ఘాతం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో సేవ చేసే కాపరులకు తరచుగా ఎదురయ్యే పరిస్థితి ఒకటుంది. తల్లి క్రైస్తవురాలు, తండ్రి హిందువు. లేదా తండ్రి క్రైస్తవుడు, తల్లి ముస్లిం కుటుంబంలో పుట్టినది. వారి బిడ్డ ఆదివార బడికి క్రమంగా వస్తాడు, క్రిస్మస్ నాటికలో గొర్రెల కాపరి వేషం వేస్తాడు. అదే బిడ్డ ఉగాది నాడు జేజి ఇంట పచ్చడి తింటాడు, వేసవిలో గంగమ్మ జాతరకు పోతాడు, రంజాన్ నాడు మేనమామ ఇంట సేమ్యా పాయసం తాగుతాడు. కొన్నేళ్ళకు కన్ఫర్మేషన్ తరగతికి వచ్చి కూర్చుంటాడు. అప్పుడు సంఘ పెద్దలు కాపరిని అడుగుతారు: ఈ బిడ్డ మనవాడా, కాడా?

ఈ ప్రశ్నకు రెండు తొందరపాటు జవాబులున్నాయి. "అన్ని పండుగలూ ఒకటే, పోనివ్వండి" అన్నది మొదటిది. "ఆ గడపలు తొక్కితే ప్రభువు బల్లకు రావద్దు" అన్నది రెండవది. మొదటి జవాబు సువార్తను పలుచన చేస్తుంది. రెండవది బిడ్డకు అబద్ధమాడడం నేర్పుతుంది. ఈ రెండవ నష్టాన్ని గూర్చి మనం తగినంతగా ఆలోచించలేదు. పండుగను మొత్తంగా అంగీకరించడమో మొత్తంగా తోసివేయడమో కాక, పండుగలోని పొరలను విడదీసి చూడడం బిడ్డకు నేర్పాలనీ, దానికి వాక్యంలో ఆధారం ఉందనీ చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రాంతీయ నేపథ్యం

ఇది హద్దుల ప్రాంతం. కుప్పం దగ్గర ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాలు కలుస్తాయి. ఒకే ఇంట తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ వినిపించడం ఇక్కడ వింత కాదు. పెద్దమండ్యం, గుర్రంకొండ వైపు పల్లెలలో హిందువులు, ముస్లింలు తరతరాలుగా పక్కపక్కనే బ్రతుకుతున్నారు. రాయలసీమ పల్లెలలో పీర్ల పండుగకు హిందువులు కూడా మొక్కులు చెల్లిస్తారు, చక్కెర చదివిస్తారు. క్రీ.శ. 680లో కర్బలాలో హుస్సేన్ మరణాన్ని తలచుకొనే దుఃఖ దినాలు ఇక్కడ ఊరి పండుగయ్యాయి.

ఈ నేలకు సువార్త రావడం కూడా పలు పాయలుగా జరిగింది. 18వ శతాబ్దపు తొలి సంవత్సరాలలోనే ఫ్రెంచి జెస్యూట్ ఫాదరీలు పుంగనూరులో పనిచేశారు. 1853లో అమెరికా రిఫార్మ్‌డ్ సంఘానికి చెందిన స్కడ్డర్ సోదరులు ఆర్కాటు మిషనును ఏర్పరచారు. ఆ మిషను తరఫున జేకబ్ చాంబర్లేన్ 1863లో మదనపల్లెలో పని ఆరంభించాడు. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఈ సంఘాలు అందులో చేరాయి. కాని ఏ మిషను కాలంలోనూ కుటుంబాలన్నీ ఒక్కసారిగా విశ్వాసంలోకి రాలేదు. అన్న వచ్చాడు, తమ్ముడు రాలేదు. భార్య వచ్చింది, భర్త రాలేదు. కాబట్టి మిశ్రమ కుటుంబం ఈనాటి ప్రేమ వివాహాల వలన పుట్టిన కొత్త సమస్య కాదు. మన సంఘాల పుట్టుకలోనే అది ఉంది. ఒక పక్షం క్రైస్తవులైతే చాలు, ఆ వివాహాన్ని 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం గుర్తిస్తుంది. ఎవరి మతం వారు ఉంచుకొని పెళ్ళాడే మార్గాన్ని 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఇచ్చింది.

ఇటువంటి ఇంటి బిడ్డ ఒకే సంవత్సరంలో మూడు పంచాంగాలను అనుసరించి బ్రతుకుతాడు. సంక్రాంతి సూర్యుని గమనాన్ని బట్టి వస్తుంది. ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి. ఇస్లామీయ సంవత్సరం సుమారు 354 దినాలు గనుక రంజాన్ ఏటా దాదాపు 11 దినాలు ముందుకు జరుగుతుంది. ఈస్టరు వసంత విషువత్తు తరువాతి పౌర్ణమిని అనుసరిస్తుంది గనుక చాలా ఏండ్లు ఉగాది మన శ్రమల దినాలలోనే పడుతుంది. 2025లో మార్చి 30 ఆదివారం ఉగాది, మరునాడు రంజాన్. అది శ్రమల కాలపు నాలుగవ ఆదివారం. ఉపవాసం ఉన్న తల్లి, భక్ష్యాలు చేసిన జేజి, పాయసం పంపిన మేనమామ, వీరందరి మధ్య ఒక బిడ్డ. ఆ వారం అతనికి ఏ మాట చెప్పాలో ఎంతమంది కాపరులకు తెలుసు?

బిడ్డ మోసే భారం

ఈ వ్యాసకర్త అటువంటి ఇంటిలోనే పెరిగినవాడు గనుక ఒక్క మాట చెప్పవచ్చు. అమ్మవైపు అవ్వ సాయంకాలం బైబిలు చదివించేది. నాన్నవైపు జేజి మంగళవారం గంగమ్మకు పొంగలి పెట్టేది. బిడ్డకు దేవుని గూర్చి కలిగిన గందరగోళం పెద్దలు ఊహించినంత పెద్దది కాదు. అవ్వ ఎవరికి ప్రార్థిస్తుందో, జేజి ఎవరికి మొక్కుతుందో ఆరేండ్ల పిల్లవానికి కూడా తెలుసు. అసలు భారం వేరు. మంగళవారం ఎక్కడికి పోయాడో ఆదివారం చెప్పకూడదు. ఆదివారం ఏమి నేర్చుకొన్నాడో మంగళవారం చెప్పకూడదు. రెండు చోట్లా ప్రేమించేవారే ఉన్నారు, రెండు చోట్లా సగం దాచుకోవాలి. ఈ దాపరికమే అలవాటైన బిడ్డ పెద్దవాడైన తరువాత దేవుని ఎదుట కూడా దాపరికంతోనే నిలబడతాడు.

ఈ దాపరికానికి చట్టం కూడా తోడైంది. 1950 నాటి షెడ్యూల్డు కులాల రాష్ట్రపతి ఉత్తర్వు ఆ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులు బి.సి.-సి వర్గంలో ఉన్నారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో తీర్పు చెప్పింది. తండ్రి హిందువు, తల్లి క్రైస్తవ కుటుంబానికి చెందినది, బిడ్డకు శైశవంలో బాప్తిస్మము ఇచ్చారు. పెద్దయిన ఆ బిడ్డ చర్చికి క్రమంగా పోతూ హిందువునని చెప్పి షెడ్యూల్డు కులపు ధ్రువపత్రం కోరడాన్ని న్యాయస్థానం అంగీకరించలేదు. కాబట్టి "నీవు ఎవరు?" అని కాపరి అడిగిన ప్రశ్న బిడ్డ చెవిలో తహశీల్దారు ప్రశ్నగా కూడా వినబడుతుంది. అతని చదువు, ఉద్యోగం ఆ జవాబు మీద ఆధారపడి ఉన్నాయని మరచి మనం అతని మౌనాన్ని అవిశ్వాసమని తీర్పు తీర్చరాదు.

వాక్య పరిశీలన

మొదటిది, 1 కొరింథీ. 7:12-14. విశ్వాసురాలైన భార్య, అవిశ్వాసియైన భర్త కలిసి కాపురం చేస్తున్న ఇంటిని గూర్చి పౌలు మాటలాడుతున్నాడు. అట్టి ఇంటి పిల్లలు అపవిత్రులు కారు, పవిత్రులే అన్నది అతని నిర్ణయం. ఆ పవిత్రత పిల్లల ప్రవర్తనకు బహుమానంగా వచ్చింది కాదు, విశ్వాసియైన తల్లి లేక తండ్రి ద్వారా దేవుడు ఆ ఇంటిని పట్టుకొన్నందున వచ్చింది. విజ్జోడుగా ఉండవద్దన్న 2 కొరింథీ. 6:14ను కొందరు ఈ బిడ్డలపై ప్రయోగిస్తారు. ఆ కాడిని బిడ్డ ఎన్నుకోలేదు, అందులో పుట్టాడు. ఎన్నుకొన్నవారికి చెప్పిన హెచ్చరికను పుట్టినవారికి శిక్షగా మార్చడం వ్యాఖ్యాన న్యాయం కాదు.

రెండవది, తిమోతి. తల్లి యూదురాలు, విశ్వాసి, తండ్రి గ్రీసు దేశస్థుడు (అపొ.కా. 16:1). అవ్వ లోయి, తల్లి యునీకే ద్వారా విశ్వాసం అందింది (2 తిమోతి 1:5). పౌలు తిమోతికి సున్నతి చేయించాడు, గ్రీకువాడైన తీతుకు మాత్రం దానికి ఒప్పుకోలేదు (గలతీ. 2:3). ఒకే అపొస్తలుడు, ఒకే ఆచారం, రెండు నిర్ణయాలు. తీతు విషయంలో ఆచారం రక్షణకు షరతయింది, గనుక కాదన్నాడు. తిమోతి విషయంలో అది తల్లివైపు ప్రజల మధ్యకు ద్వారమయింది, గనుక ఔనన్నాడు. ఆచారం అక్కడ ఏ పని చేస్తున్నదో చూసి అతడు తీర్పు చెప్పాడు.

మూడవది, 1 కొరింథీ. 10. ఇక్కడ పౌలు గీత గీశాడు. విగ్రహానికి అర్పించే బల్ల యొద్ద పాలు పుచ్చుకోవడం, ప్రభువు బల్ల యొద్ద పాలు పుచ్చుకోవడం, రెండూ కుదరవు (10:21). అయితే అవిశ్వాసి ఇంటికి విందుకు పిలిస్తే పోవచ్చు, వడ్డించినది తినవచ్చు (10:27). ఇది బలి అర్పించినదని ఎవరైనా చెబితే, చెప్పినవాని మనస్సాక్షి నిమిత్తం తినకూడదు (10:28). నిషేధం ఆరాధనకు, అనుమతి ఆతిథ్యానికి.

నాలుగవది, నయమాను (2 రాజులు 5:17-19). ఇశ్రాయేలు దేవునికే బలి అర్పిస్తానని ఒప్పుకొన్నవాడు, తన రాజు చేతిమీద ఆనుకొని రిమ్మోను గుడిలో వంగినప్పుడు తాను కూడా వంగవలసి వస్తుందని దాచకుండా ముందే చెప్పాడు. ఎలీషా అతనిని సమాధానముతో పంపాడు. ప్రవక్త రిమ్మోనును ఆమోదించలేదు. ఒకరి అధికారం క్రింద ఉన్నవాని ఇరకాటాన్ని అర్థం చేసుకొన్నాడు. తండ్రి ఇంట ఉన్న పదేండ్ల బిడ్డకు నయమానుకున్నంత స్వేచ్ఛ కూడా లేదు. ఆ ప్రవక్త ఎదుట నిజం చెప్పడానికి నయమాను భయపడలేదన్నది కాపరులు గమనించవలసిన సంగతి.

చరిత్ర చెప్పే పాఠం

ఈ విడదీసే పని మన పూర్వులు చేశారు, దాని కష్టమూ చూశారు. దక్షిణ భారత జెస్యూట్ మిషనుల ఆచారాలను పరీక్షించిన పోపు ప్రతినిధి తూర్నోన్ 1704లో పుదుచ్చేరి నుండి ఉత్తర్వు ఇచ్చాడు. పిళ్ళయారు బొమ్మ ఉన్న తాళిని అది నిషేధించింది, సిలువ గుర్తు ఉన్న తాళికి చోటిచ్చింది. 1744లో 14వ బెనెడిక్టు పోపు తన శాసనంతో ఈ వివాదాన్ని ముగించాడు. ఆ ఉత్తర్వులోని కాఠిన్యాన్ని నేడు మనం విమర్శించవచ్చు. అయినా తాళి వేరు, తాళి మీది బొమ్మ వేరు అన్న వివేకం అందులో ఉంది. 1912లో దోర్నకల్ బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్య కోత పండుగను సంఘ జీవితంలో బలంగా నిలిపాడు. ధాన్యం, కోళ్ళు, గుమ్మడికాయలు మోసుకొని పాటలతో వచ్చే ఊరేగింపు, పల్లె జనానికి పండుగను పోగొట్టక దాని దిక్కును మార్చింది. 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ కతీడ్రల్ కట్టడంలో హిందూ, ముస్లిం శిల్ప రీతులు సిలువ క్రింద చేరాయి.

పండుగలోని మూడు పొరలు

ఈ వెలుగులో ప్రతి పండుగలోనూ మూడు పొరలు చూడవచ్చు. మొదటిది ఆరాధన: ఎవరికి మొక్కుతున్నారు? రెండవది బంధం: ఎవరు ఎవరికి వడ్డిస్తున్నారు, ఎవరిని ఎక్కడ నిలబెడుతున్నారు? మూడవది జ్ఞాపకం: ఏ కాలాన్ని, ఏ సంగతిని తలచుకొంటున్నారు?

ఉగాది పచ్చడిలో మూడవ పొర బలమైనది. చేదు, తీపి కలిసిన సంవత్సరాన్ని దేవుని చేతి నుండి అందుకొంటున్నామని ప్రార్థించి బిడ్డ దానిని తినవచ్చు. పూజలో పెట్టినదని జేజి చెబితే, పూజకు ముందే తీసిపెట్టమని అడగడం నేర్పవచ్చు. చాలామంది జేజులు మనవని కోసం ఆ మాత్రం చేస్తారు. రంజాన్ పాయసంలో బంధమే ప్రధానం. అది 10:27లోని విందు. పీర్ల పండుగలో దుఃఖాన్ని గౌరవించవచ్చు, పీరుకు మొక్కడం వేరు. పెద్దలకు గుడ్డలు పెట్టే ఆచారం అన్నిటికంటె కష్టమైనది. తాతను తలచుకోవడం ఐదవ ఆజ్ఞకు లోబడడమే, తాతకు నైవేద్యం పెట్టి వేడుకోవడం ఆరాధన అవుతుంది. మన సమాధుల పండుగకు హిందూ బంధువులను కూడా పిలిచి, ఆ తాత పేరు పలికి దేవునికి కృతజ్ఞత చెబితే బిడ్డకు ఒక దారి దొరుకుతుంది.

గంగమ్మ జాతరలో మొదటి పొరను తప్పించుకోలేము. బలి, మొక్కు, పూనకం దాని నడిబొడ్డున ఉన్నాయి. బంధువుల ఇంట అన్నం తినవచ్చు గాని తలమీద పొంగలి కుండ ఎత్తుకోవడం కుదరదు. రెండవ పొరను కూడా ఇక్కడ గట్టిగా పరీక్షించాలి. జాతరలో డప్పు ఎవరు కొడతారు, ఎవరు దూరంగా నిలబడతారు? చిత్తూరు ప్రాంతపు దళితవాడలలో ఆడపిల్లలను మాతమ్మకు విడిచిపెట్టే దురాచారం ఉండేదని, 1988లో దేవదాసీ అర్పణ నిషేధ చట్టం వచ్చిన తరువాత కూడా దాని బాధితులు కనిపించారని మనకు తెలుసు. సంస్కృతి అన్న పేరుతో దీనిని కప్పిపుచ్చలేము. అదే కొలబద్ద మన మీద కూడా పెట్టుకోవాలి. కులాన్ని బట్టి కూర్చుండే క్రిస్మస్ విందు కూడా ఈ రెండవ పొరలో ఓడిపోతుంది.

కాపరులకు సూచనలు

1. పండుగ తరువాత బిడ్డను నిలదీయవద్దు. పండుగకు ముందే తల్లిదండ్రులిద్దరితో, వీలైతే అవతలి పక్షపు పెద్దలతో కూర్చొని మాటలాడండి. ఆ ఇంటి పండుగలన్నీ ఒక కాగితం మీద రాసి, పై మూడు ప్రశ్నలు వేసి, బిడ్డ ఏది చేయగలడో, ఏది చేయలేడో అందరి ఎదుట తేల్చండి.

2. "వద్దు" అన్న ప్రతిచోట "ఇది చేయి" అన్న మాట కూడా ఇవ్వండి. జేజి వంటకు కట్టెలు మోయవచ్చు, ముసలివారికి వడ్డించవచ్చు, భోజనానికి ముందు తన మాటలలో ప్రార్థించవచ్చు.

3. పేదకుటుంబాల ధ్రువపత్రాల విషయంలో చట్టం ఏమి చెబుతున్నదో బాప్తిస్మమునకు ముందే స్పష్టంగా వివరించండి. రిజిష్టరులో అసత్యం రాయకండి, రాయకుండా దాచిపెట్టమని సలహా ఇవ్వకండి. ఆ అన్యాయానికి జవాబు చట్టం మార్పును కోరడమే గాని బిడ్డ చేత అబద్ధమాడించడం కాదు.

4. ప్రభువు బల్లను బంధువుల ఇంటికి పోనందుకు ఇచ్చే బహుమానంగా వాడవద్దు. మొక్కు, బలి విషయంలో తెలిసి పాలు పుచ్చుకొన్న పెద్దవానికి చెప్పే మాట వేరు, చేయి పట్టుకొని తీసుకొనిపోయిన బిడ్డకు చెప్పే మాట వేరు.

5. మన క్రిస్మస్‌కు, కోత పండుగకు ఆ జేజిని, ఆ మేనమామను పిలవండి. వచ్చినవారికి మంచి చోటు చూపండి. బిడ్డ తన రెండు వైపుల వారిని ఒకే చాప మీద చూడనివ్వండి.

ముగింపు

రూతు మోయాబీయురాలు, మోషే భార్య మిద్యాను యాజకుని కుమార్తె, తిమోతి తండ్రి గ్రీకువాడు. దేవుని ప్రజల కథలో మిశ్రమ కుటుంబాలు అంచున లేవు. అట్టి ఇంటి బిడ్డ మన ఆరాధనకు రెండు భాషలు, మూడు పంచాంగాలు తెలిసినవాడై వస్తాడు. రేపు తన బంధువుల మధ్య సువార్తను వారి మాటలలో చెప్పగలవాడు అతడే. అయితే అతడు మంగళవారం సంగతిని ఆదివారం భయపడకుండా చెప్పగల సంఘం కావాలి. అట్టి సంఘంలోనే "అది నేను చేయలేను జేజీ" అని ప్రేమతో చెప్పే ధైర్యం కూడా అతనికి కలుగుతుంది.