పెంపుడు కుందేలునకు గుండె జబ్బు : గుర్తింపు, సంరక్షణ

పశువుల ఆరోగ్యమన్నంతనే మనకు ఆవులు, గేదెలు, గొఱ్ఱెలు, కోళ్ళు జ్ఞప్తికి వచ్చును. అయితే ముచ్చటకొఱకు కుందేళ్ళను పెంచు కుటుంబములు నేడు గ్రామములలో సైతము కలవు. ఇంటిలోని పిల్లలకు ఆ చిన్న ప్రాణి తోబుట్టువు వంటిది. అట్టి కుందేలు ఒకనాడు మేత మాని, డొక్కలెగురవేయుచు మూలకు ఒదిగినచో ఇంటివారికి ఏమి చేయుటకును తోచదు. తెలిసినవారని ఊరిపెద్దల సలహా నడుగుదురు. ఆ సమయమున పంచాయతీ సభ్యులు చెప్పగల మాటలను ఇచట వివరించుచున్నాము. వాని సారాంశ మొక్కటే : గుండె జబ్బు కలదని అనుమానించిన కుందేలునకు మొదట కావలసినది మందు కాదు, చల్లని నీడ, నిశ్శబ్దము, పిమ్మట పశువైద్యుని పరీక్ష.

కుందేలు గుండె స్వభావము

కుందేలు గుండె దాని దేహమునకు మిక్కిలి చిన్నది. రెండు కిలోల బరువుగల కుందేలు గుండె సుమారు 6 గ్రాములు మాత్రమే తూగును. మనుష్యుని గుండె నిమిషమునకు 72 పర్యాయములు కొట్టుకొనగా, కుందేలు గుండె 180 మొదలు 300 వరకు కొట్టుకొనును. అంత వేగమును చేతితో తడిమి లెక్కించుట మనకు సాధ్యము కాదు. అది వైద్యుని పని.

కుందేలు సహజముగా ఇతర జంతువులకు ఆహారమైన ప్రాణి. కావున తన బలహీనతను కడవరకు దాచుకొనును. భయపడినప్పుడు దాని దేహమున ఊరు రసములు గుండె కండరమునకే హాని చేయగలవు. ఆరోగ్యముగానున్న కుందేలు తట్టుకొను బెదురు, గుండె చెడిన కుందేలునకు ప్రాణాంతకము కావచ్చును. వయసు మీఱిన కుందేళ్ళయందును, పెద్ద జాతులయందును ఈ జబ్బు హెచ్చుగా కనబడును.

అనుమానింపదగిన లక్షణములు

కొలదిదూరము గెంతి అలసిపోవుట, మేత తగ్గుట, నానాటికి చిక్కిపోవుట, ఉన్నట్టుండి తూలి పడిపోవుట, విశ్రాంతిగానున్నను శ్వాస వేగముగా నుండుట ముఖ్య లక్షణములు. శ్వాసను మాత్రము ఇంటివారే లెక్కింపగలరు. కుందేలు కదలక పడుకొనియున్నప్పుడు, దూరముగా కూర్చుండి, డొక్క ఎన్నిమారులు లేచునో అర నిమిషము లెక్కించి, దానిని రెట్టింపవలెను. నిమిషమునకు 30 మొదలు 60 వరకు సామాన్యము. చల్లనివేళ విశ్రాంతిగానున్నను అంతకు మించుచున్నచో ఉపేక్షింపరాదు. ఈ లెక్కను తేదీ వేసి కాగితముపై వ్రాసి యుంచినచో వైద్యునకు ఎంతయో సహాయకారి యగును.

కుందేలు ముక్కుతోనే గాలి పీల్చును. అది నోరు తెఱచి మెడ పైకెత్తి రొప్పుచున్నను, పెదవులు, చిగుళ్ళు నీలముగా మారినను ఒక్క గడియయైనను జాగుచేయరాదు.

అనుమానము వేఱు, నిర్ధారణ వేఱు

రొప్పుచున్న ప్రతి కుందేలును గుండె రోగి కాదు. వడదెబ్బ తగిలినను ఇట్లే రొప్పును. కుందేలునకు మనవలె చెమట పట్టదు; దేహములోని వేడి ముఖ్యముగా చెవులద్వారా వెలుపలకు పోవును. 30 డిగ్రీలు దాటిన వేడియే దానికి కష్టము. మన వేసవిలోని 40 డిగ్రీల ఎండ ఎంత ప్రమాదకరమో వేఱుగ చెప్పనక్కఱలేదు. వడదెబ్బ తగిలినచో నీడకు చేర్చి, చెవులను చల్లని నీటితో తడుపవలెను, నీటిలో ముంచరాదు. ముక్కు కారుచు, ముందుకాళ్ళ బొచ్చు అట్టకట్టియున్నచో ఊపిరితిత్తుల జబ్బు కావచ్చును. వీనిని వేఱుపరచుటకు వైద్యుడు గుండె చప్పుడు వినవలెను; ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ వంటి పరీక్షలు అవసరము కావచ్చును. కావున ఇంటివద్దనే రోగమును నిశ్చయించి మందు పోయుట తగదు.

ఇంటివద్ద సంరక్షణ

గూటిని కుక్కలు, పిల్లులు, టపాకాయలు, ధ్వనివర్ధకములకు దూరముగా, గాలి తగులు నీడలో నుంచవలెను. చెవులు పట్టి ఎత్తరాదు. ఒక చేయి రొమ్ముక్రింద, రెండవది వెనుకభాగము క్రింద ఆనించి ఎత్తవలెను. వెల్లకిల పరుండబెట్టినప్పుడు కుందేలు కదలక యుండుట సుఖముచేత కాదు, భయముచేత. పైగా శ్వాస మఱింత కష్టమగును.

కుందేలు పస్తుండరాదు. సగము దినము మేత ముట్టనిచో దాని ప్రేగుల కదలిక నిలిచిపోవు ప్రమాదము కలదు. శుభ్రమైన గరిక, ఎండుగడ్డి, నీరు ఎల్లవేళల దగ్గఱ నుండవలెను. బిస్కట్లు, మిఠాయిలు ముద్దుకైనను పెట్టరాదు. 1913లో రష్యా దేశమున అనిచ్కోవ్ అను శాస్త్రజ్ఞుడు కుందేళ్ళకు కొలెస్టరాలు మేపి, రక్తనాళముల గోడలలో కొవ్వు పేరుకొనుటను చూపెను. మనుష్యుల గుండె జబ్బును గ్రహించుటకు ఆ ప్రయోగము తోడ్పడినది. గడ్డి తిను ప్రాణికి గడ్డియే మేలైన ఆహారము.

చికిత్స

దేహమున నిలిచిన నీటిని మూత్రముద్వారా వెడలించు ఫ్యూరోసెమైడ్, గుండె భారమును తగ్గించు ఎనాలప్రిల్ వంటి మందులను వైద్యులు వాడుదురు. ఇవి మనుష్యులకును ఇచ్చు మందులే. అంతమాత్రమున ఇంటిలోని పెద్దవారి మాత్రను విఱిచి కుందేలునకు వేయుట ప్రాణముతో చెలగాటమాడుట. మోతాదు కుందేలు బరువునుబట్టి వైద్యుడే నిర్ణయింపవలెను. పెన్సిలిన్ జాతి మందులను నోటిద్వారా ఇచ్చినచో కుందేలు ప్రేగులలోని మేలుచేయు సూక్ష్మజీవులు నశించి మరణము సంభవింపవచ్చును. గుండె జబ్బు సాధారణముగా పూర్తిగ నయము కాదు. అయినను సకాలమున గుర్తించి క్రమముగా మందిచ్చినచో ఆ ప్రాణి కొంతకాలము సుఖముగ జీవింపగలదు. వారమున కొకమారు తూచి బరువు వ్రాసికొనవలెను. మందును తమంతట తాము మానరాదు.

పంచాయతీ చేయదగిన పనులు

సమీప పశువైద్యశాల ఫోను సంఖ్యను, పశువైద్య సేవల 1962 సంఖ్యను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించవలెను. తిరుపతి, గన్నవరము, రాజేంద్రనగరములలో పశువైద్య కళాశాలలు కలవు. పెద్ద పరీక్షలు అవసరమైనప్పుడు ఎచటికి పోవలెనో స్థానిక వైద్యుని అడిగి తెలిసికొనవచ్చును. కుందేలును తెల్లవాఱుజామున, గాలి తగులు బుట్టలో, గరికతో సహా తీసికొనిపోవలెను. దానికి జత కుందేలున్నచో తోడుగా ఉంచుట మేలు. వైద్యశాలయందు కుక్కలకు ఎడముగ కూర్చుండవలెను.

మఱియొక సంగతి. కోతల కాలమున పొలములలో దొఱకు అడవి కుందేలు పిల్లలను బాలురు ఇంటికి తెచ్చుట కద్దు. అవి పెంపుడు జాతి కావు. వానిని పట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. బెదురుచేతనే అవి తఱచు మరణించును. పిల్లలకు నచ్చజెప్పి, వానిని దొఱకినచోటనే విడిపింపవలెను. అట్లే పెంపుడు ప్రాణికి తగిన మేత, నీరు, నీడ ఇవ్వకుండుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము.

ఒక కుందేలు వెల చిన్నదే కావచ్చును. కాని నోరులేని ప్రాణి ఆయాసమును గమనించి, దాని శ్వాసను లెక్కించి, వేళకు వైద్యునికడకు చేర్చిన పిల్లవాడు రేపు ఇంటి పాడిపశువును సైతము అట్లే కాపాడగలడు. ఈ జాగ్రత్తను ఇంటింటికి తెలియజేయ వలసినదిగా పంచాయతీ సభ్యులను కోరుచున్నాము.