ప్రొద్దుటూరు: జనాభా, ఆర్థిక వ్యవస్థ

ప్రొద్దుటూరు వైఎస్ఆర్ కడప జిల్లాలో పెన్నా నది ఉత్తరపు ఒడ్డున ఉన్న పట్టణము, మండల కేంద్రము. జిల్లా కేంద్రమైన కడపకు వాయవ్య దిశలో సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇక్కడి పురపాలక సంఘం 1915లో ఏర్పడింది. బంగారు నగల వ్యాపారం కారణంగా ఈ పట్టణాన్ని పసిడిపురి అనీ, బంగారం, పత్తి వ్యాపారాల కారణంగా రెండవ బొంబాయి అనీ వ్యవహరిస్తారు.

జనాభా

2001 జనాభా లెక్కల ప్రకారం పురపాలక సంఘ పరిధిలో సుమారు 1.65 లక్షల మంది నివసించేవారు. 2011 నాటికి ఈ సంఖ్య సుమారు 1.64 లక్షలు. అంటే పదేళ్ళలో పెరుగుదల లేదు. అయితే దీనిని బట్టి పట్టణం ఎదగలేదని భావించరాదు. పట్టణాన్ని ఆనుకొని ఉన్న గ్రామాలను కూడా కలిపి లెక్కించినపుడు 2011లో జనాభా 2.17 లక్షలు దాటింది. కొత్త నివాసాలు పురపాలక సంఘం హద్దులకు వెలుపల, పంచాయతీల పరిధిలో వెలిశాయి. అక్కడివారికి ఉపాధి, విద్య, వైద్యం పట్టణంలోనే లభిస్తున్నా, తాగునీరు, మురుగు కాలువల వంటి సౌకర్యాల బాధ్యత పంచాయతీలదే. తెలుగు ప్రధాన భాష. ఉర్దూ మాట్లాడేవారు కూడా గణనీయంగా ఉన్నారు.

వ్యవసాయం, వ్యాపారం

తుంగభద్రపై సుంకేసుల వద్ద మొదలయ్యే కర్నూలు-కడప కాలువ కింద ప్రొద్దుటూరు ప్రాంతంలో వరి పండుతుంది. జమ్మలమడుగు వైపు నల్లరేగడి నేలల్లో పత్తి, శనగ, పులివెందుల వైపు వేరుశనగ, చీనీ, అరటి ముఖ్యమైన పంటలు. పత్తి, వేరుశనగలను ఆధారం చేసుకొని పట్టణంలో జిన్నింగు మిల్లులు, నూనె మిల్లులు వెలిశాయి. చేనేత, మరమగ్గాలు మరికొన్ని కుటుంబాలకు జీవనాధారం.

బంగారం అంగళ్ళకు కొనుగోలుదారులలో రైతు కుటుంబాలు ముఖ్యమైనవి. పంట బాగా పండి ధర పలికిన ఏడాది రైతులు నగలు కొంటారు. కరవు వచ్చినపుడు అవే నగలను కుదువ పెట్టి పెట్టుబడి, ఇంటి ఖర్చు సమకూర్చుకుంటారు. కనుక వర్షాభావ ప్రభావం పొలాలతో ఆగక నగల వ్యాపారులకూ, వారి కింద పనిచేసే స్వర్ణకారులకూ చేరుతుంది. యంత్రాలపై తయారైన నగల వాడకం పెరగడంతో చేతిపనివారికి పోటీ కూడా ఎక్కువయింది.

పరిశ్రమలు

సమీపంలోని ఎర్రగుంట్ల పరిసరాలలో సున్నపురాయి నిల్వలు విస్తారంగా ఉండటం వల్ల సిమెంటు కర్మాగారాలు, నాపరాళ్ళ పాలిష్ యూనిట్లు ఏర్పడ్డాయి. ముద్దనూరు సమీపంలోని కలమల్ల వద్ద రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రం 1994లో ఉత్పత్తి ప్రారంభించింది. 2018లో 600 మెగావాట్ల యూనిట్ చేరడంతో దీని సామర్థ్యం 1650 మెగావాట్లయింది. పులివెందుల సమీపంలోని తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది.

రవాణా

మద్రాసు-బొంబాయి రైలు మార్గం ఎర్రగుంట్ల మీదుగా వెళ్ళడంతో, ఇంత వ్యాపారం ఉన్నా ప్రొద్దుటూరుకు చాలాకాలం రైలు సౌకర్యం లేకపోయింది. 2016లో నంద్యాల-ఎర్రగుంట్ల మార్గం ప్రారంభమైన తరువాత ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పట్టణాలు రెండింటికీ రైలు వచ్చింది. పులివెందులకు రోడ్డు మార్గమే ఆధారం.