పాలకు పరీక్ష వుంది, తేనెకేదీ?

చేబ్రోలు (మా విలేకరి): వడ్లమూడి సంగం డెయిరీకి పాలు పోసే రైతును ఆపి వెన్నశాతం ఎంత వచ్చిందని అడిగితే పూటపూటకూ లెక్క చెప్పగలడు. కేంద్రంలో యంత్రం నిమిషాల మీద తేల్చేస్తుంది. దాన్నిబట్టే డబ్బు. అదే రైతు గుంటూరు - పొన్నూరు రోడ్డు మీద సైకిలుకు డబ్బా కట్టుకొచ్చిన వాని దగ్గర తేనె కొనవలసి వస్తే మాత్రం అగ్గిపుల్ల గీసి చూసుకుంటున్నాడు.

తేనెలో ముంచిన వత్తి మండితే అసలుదట. నీళ్లలో వేసిన చుక్క కరగకుండా అడుగుకు దిగితే అసలుదట. కుక్క ముట్టకపోతే మరీ మంచిదట. చక్కెర పాకాన్ని చిక్కగా కాచి నీళ్లలో వేస్తే అదీ అడుగుకే దిగుతుంది. రెండేళ్ల క్రితం ఈ విలేకరి కూడా ఒక సీసా కొని ఫ్రిజ్‌లో పెట్టగా, వారం పది రోజుల్లో సగం గడ్డకట్టింది. ఇదంతా పంచదారేనని నిర్ధారించుకుని పారబోయడం జరిగింది. స్వచ్ఛమైన తేనె కూడా చలికి పలుకుగట్టడం సహజమని తర్వాత తెలిసింది. పోయిన తేనె ఎలాగూ తిరిగిరాదు.

నమ్మదగిన పరీక్షలు లేకపోలేదు. అరచేతిలో ఇమిడే రిఫ్రాక్టోమీటరు అనే గొట్టం మీద ఒక చుక్క వేసి, వెలుతురు వైపు పెట్టి చూస్తే తేనెలో నీరెంతో తెలుస్తుంది. నూటికి ఇరవై పాళ్లకు మించరాదని నిబంధన. మించితే పులుస్తుంది. ఐతే కొండతేనెటీగల పట్టు నుంచి తీసిన నికార్సయిన అడవి తేనె కూడా ఒక్కోసారి ఈ హద్దు దాటుతుంది. కనుక పల్చగా వున్నదల్లా కల్తీ అనడానికి లేదు.

రెండవది ఖనిజాల సంగతి. తేనెలో పొటాషియం ప్రధానంగా కొన్ని లవణాలు వుంటాయి. పూల తేనెలో ఇవి సాధారణంగా నూటికి అర పాలుకు మించవు. లేత రంగు తేనెలో తక్కువ, ముదురు రంగుదానిలో ఎక్కువ. వీటిని తేల్చాలంటే పూర్వం తేనెను కొలిమిలో గంటల తరబడి కాల్చి, మిగిలిన బూడిదను తూచేవారు. ఇప్పుడు తేనెను నీటిలో కలిపి అందులో విద్యుత్తు ఎంత తేలికగా పారుతున్నదో మీటరుతో చూస్తే చాలు. లవణాలు విద్యుత్తును పారనిస్తాయి, పంచదార పారనివ్వదు. ఆ అంకె సెంటీమీటరుకు 0.8 మిల్లీసీమెన్లు దాటరాదని పూల తేనెకు అంతర్జాతీయ ప్రమాణం. మరీ కిందికి పడిపోతే చక్కెర పాకం కలిసిందేమోనని అనుమానించవచ్చు. పని అంతా కలిపి కొద్ది నిమిషాలు.

ఇది అనుమానం వరకే. కల్తీదారులు ఊరుకుంటారా? ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ 2020లో 13 బ్రాండ్ల తేనెను పరీక్షకు పంపింది. మన దేశంలో జరిగిన పరీక్షల్లో పెద్ద బ్రాండ్లు చాలావరకు నెగ్గాయి. జర్మనీలో ఎన్.ఎం.ఆర్. అనే పరీక్షకు పెట్టేసరికి నిలిచినవి మూడే. కంపెనీలు ఈ ఫలితాలను ఒప్పుకోలేదు.

సీసం సంగతి ఇంకా కష్టం. తేనెలో పులుపు గుణం వున్నది. సీసపు మాటు వేసిన డబ్బాల్లో, పాత డ్రమ్ముల్లో నిల్వ వుంచితే ఆ లోహం తేనెలోకి దిగుతుంది. ఐరోపా దేశాలు కిలో తేనెకు 0.1 మిల్లీగ్రాము సీసాన్ని మించి అనుమతించవు. అంటే పది కిలోల్లో ఒక మిల్లీగ్రాము. దీన్ని చేతి మీటరు పట్టలేదు, పెద్ద ప్రయోగశాలే పట్టాలి. లోహాలు, యాంటీబయాటిక్ మందుల అవశేషాల విషయమై ఆ దేశాలు 2010లో మన తేనెను ఆపివేసి, మరుసటి ఏడాది గాని తిరిగి రానివ్వలేదు. మందుల అవశేషాలకు మాత్రం కాగితపు పట్టీలతో త్వరగా చూసుకునే వీలున్నది.

ఇంతకూ తేనె మన ఇళ్లలో ఎక్కడికి పోతున్నది? కొంత దేవుని పంచామృతానికి. కొంత దగ్గు చూర్ణానికి. ఆపైన పురుటి గదిలోకి. బిడ్డ పుట్టగానే అమ్మమ్మో నాయనమ్మో నాలుకకు తేనె రాయడం ఈ ప్రాంతంలో ఇంకా వున్నది. తేనెలో బొటులిజం అనే జబ్బు తెచ్చే సూక్ష్మజీవి బీజాలు వుండవచ్చు. పెద్దల కడుపులో అవి ఏమీ చేయలేవు గాని పసికందు పేగుల్లో మొలకెత్తి విషం పుట్టిస్తాయి. బిడ్డ పాలు తాగలేక, ఏడుపు సన్నగిల్లి, మెడ వాలిపోతుంది. ఏడాది నిండేవరకు చుక్క తేనె కూడా పెట్టవద్దని డాక్టర్లు చెప్పేది ఇందుకే. తేనె ఎంత స్వచ్ఛమైనదైనా సరే. పైన చెప్పిన మీటర్లేవీ ఈ బీజాలను చూపవు.

రైతు సేవా కేంద్రంలోనో, పరపతి సంఘంలోనో ఒక రిఫ్రాక్టోమీటరు, ఒక వాహకత మీటరు వుంచితే ఊరివారికి ఎంతో ఉపకారం. పాలకు చేసినదే తేనెకూ చేయమనడం అత్యాశ కాబోదు.

కొనుగోలుదారుకు చట్టమూ ఒక దారి చూపింది. 2006 నాటి ఆహార భద్రత చట్టం 40వ సెక్షను ప్రకారం ఎవరైనా రుసుము కట్టి, తాము కొన్న సరుకును ప్రభుత్వ విశ్లేషకునిచేత పరీక్ష చేయించుకోవచ్చు. కల్తీ తేలితే రుసుము వాపసు ఇస్తారు. కాకపోతే పరీక్షకు పంపబోతున్నట్లు కొనేటప్పుడే అమ్మినవానికి చెప్పాలి. ఆ మాట చెవిన పడ్డాక సైకిలువాడు నారాకోడూరు అడ్డరోడ్డు దాటకుండా నిలబడతాడా అన్నది మాత్రం చట్టంలో రాయలేదు.