కాక్టస్ విత్తనాలు మొలకెత్తట్లేదా..? మట్టి దగ్గరే అసలు తేడా.. ముందు డ్రాగన్ ఫ్రూట్‌తో ఇలా ట్రై చేయండి!

నర్సరీకి వెళ్తాం. చిన్న కుండీలో ముద్దుగా కనిపించిన కాక్టస్ కొంటాం. ఎడారి మొక్క కదా, దానికేమవుతుందిలే అనుకుని టేబుల్ మీద పెట్టేస్తాం. రెండు నెలలు తిరక్కముందే కింద మెత్తబడి ఒక పక్కకు ఒరిగిపోతుంది. చాలా ఇళ్లలో ఇదే కథ. నిజానికి నీళ్లు లేక చచ్చిపోయే కాక్టస్‌లు తక్కువ.. నీళ్లు నిలిచిపోయే మట్టిలో వేర్లు కుళ్లి పోయేవే ఎక్కువ.

మరి ఆ మట్టేదో ముందే సరిగ్గా కలుపుకుని, విత్తనం నుంచే పెంచితే ఎలా ఉంటుంది? కష్టమేమీ కాదు. కాకపోతే ఓపిక కావాలి.

ఓపిక అంటే ఎంత..?
అమెరికాలోని అరిజోనా ఎడారిలో కనిపించే సగ్వారో అనే భారీ కాక్టస్ ఉంటుంది కదా.. సినిమాల్లో చేతులెత్తి నిలబడినట్టు కనిపించేది. అది మొదటి 8 ఏళ్లలో పెరిగేది ఒకటి, ఒకటిన్నర అంగుళం మాత్రమే! భయపడకండి, అన్నీ అలా ఉండవు. మనం మార్కెట్లో కొనే డ్రాగన్ ఫ్రూట్ కూడా కాక్టస్ జాతిదే. దాని విత్తనం వారం, రెండు వారాల్లో మొలిచేస్తుంది. పండు తినగా మిగిలిన గింజలే కాబట్టి పోయినా బాధ లేదు. అందుకే మొదటిసారి చేసేవాళ్లకు ఇంతకంటే మంచి ప్రాక్టీస్ లేదు.

ఇక్కడే ఇంకో విషయం. మన పొలాల గట్ల మీద కనిపించే ముళ్ల మొక్కలన్నీ కాక్టస్‌లు కావు. నాగజెముడు కాక్టసే. గిల్లితే పాలు కారే బొంతజెముడు మాత్రం వేరే కుటుంబం. ముళ్లు పుట్టే చోట చిన్న దూది చుక్కలాంటి మెత్త ఉంటే అది కాక్టస్ అని గుర్తు.

మట్టి మిక్స్.. జల్లెడ రివర్స్!
పెరట్లో మట్టి తవ్వి నేరుగా వేస్తే పని జరగదు. నల్లరేగడి అయితే అసలు వద్దు. తడిస్తే బంకలా పట్టేస్తుంది, ఎండితే పగుళ్లిచ్చి సన్న వేర్లను తెంపేస్తుంది. విత్తనాల కోసం కొలత ఇలా పెట్టుకోండి. ఒక గ్లాసు ఎర్రమట్టి, ఒక గ్లాసు కోకోపీట్ లేదా బాగా మాగిన కంపోస్ట్, రెండు గ్లాసుల గరుకు ఇసుక. పెర్లైట్ దొరికితే ఇసుకలో సగం బదులు అది వేయొచ్చు. దొరక్కపోతే ఏం కంగారు లేదు.. పాత ఇటుక ముక్కను నలగ్గొట్టి, పొడి తీసేసి, ఆవాల నుంచి శనగల సైజు వరకు ఉన్న ముక్కలు వాడండి. ఇటుక ముక్కలు కొంచెం తేమ పట్టుకుంటాయి, గాలీ ఆడనిస్తాయి. పైగా ఖర్చు సున్నా.

ఇసుక విషయంలోనే చాలామంది పొరపాటు చేస్తారు. సన్నగా మెత్తగా ఉన్న ఇసుక చూసి మంచిదనుకుంటారు. కానీ సన్న ఇసుక మట్టి సందుల్లో దూరి గట్టిపడిపోతుంది. ఇంట్లో పిండి జల్లించేటప్పుడు కిందకు దిగింది ఉంచుకుని, పైన మిగిలింది పారేస్తాం కదా. ఇక్కడ రివర్స్. కిందకు దిగింది పారేయాలి, పైన మిగిలిందే మనకు కావాలి. కన్‌స్ట్రక్షన్ సైట్ నుంచి తెచ్చిన ఎం-శాండ్ అయితే రాతి పొడి పోయేదాకా నాలుగైదు సార్లు కడగండి. బీచ్ ఇసుకలో ఉప్పు ఉంటుంది, విశాఖ వాళ్లు, కాకినాడ వాళ్లు దాని జోలికి వెళ్లకండి. చవక కోకోపీట్ దిమ్మల్లోనూ ఉప్పు ఉండొచ్చు కాబట్టి నానబెట్టి రెండు మూడు నీళ్లు మార్చి పిండుకోవాలి.

కలిపాక చిన్న టెస్ట్. తడిపిన మట్టిని గుప్పిట్లో గట్టిగా పిసికి వేలితో తట్టండి. ముద్దలా ఉండిపోతే ఇంకాస్త ఇసుక వేయాలి. పొడిపొడిగా విడిపోతే ఓకే.

మట్టిని ఆవిరి పట్టాలా..?
వినడానికి నవ్వొస్తుంది కానీ పట్టాల్సిందే. మూత పెట్టిన బాక్స్‌లో వెచ్చగా, తడిగా ఉంటుంది. విత్తనానికి ఎంత ఇష్టమో బూజుకీ అంతే ఇష్టం. మట్టిని కొంచెం తడిపి, పాత ఇడ్లీ పాత్రలో గుడ్డ పరిచి అరగంట ఆవిరి మీద ఉంచితే బూజు, పురుగుల గుడ్లు, కలుపు గింజలు చాలావరకు పోతాయి. పూర్తిగా చల్లారాకే వాడాలి. ఒక్క మాట.. ఇల్లంతా వాన పడ్డ మట్టి వాసన కాదు, కాస్త ఘాటు వాసనే వస్తుంది. కిటికీలు తీసి పెట్టండి. ఆ పాత్ర మళ్లీ ఇడ్లీలకు మాత్రం వాడొద్దు!

విత్తడం ఇలా..
డ్రాగన్ ఫ్రూట్ గుజ్జు ఒక స్పూన్ తీసి టీ వడగట్టే జాలీలో వేసి, ట్యాప్ కింద వేలితో రుద్దుతూ కడగాలి. జిగురు కొంచెం మిగిలినా బూజు అక్కడే మొదలవుతుంది. గింజల్ని టిష్యూ పేపర్ మీద ఒకరోజు నీడలో ఆరబెట్టండి.

బిర్యానీ పార్సిల్‌తో వచ్చే మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఉంటే చాలు. కడిగి, అడుగున అయిదారు చిల్లులు పెట్టి, రెండు అంగుళాల మందాన మట్టి నింపండి. డబ్బాను నీళ్ల ప్లేట్‌లో పెడితే తడి కింద నుంచి పైకి ఎక్కుతుంది. పై నుంచి పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి. పైభాగం నల్లబడ్డాక బయటకు తీసి, నీరు పూర్తిగా కారిపోయాక గింజలు చల్లండి. మీద మట్టి కప్పొద్దు. చాలా కాక్టస్ విత్తనాలకు మొలవడానికి వెలుతురు కావాలి. మూత పెట్టేసి, వెలుతురు బాగా వచ్చే కిటికీ దగ్గర ఉంచండి. నేరుగా ఎండ తగిలితే డబ్బా లోపల ఉడికిపోతుంది.

20 నుంచి 30 డిగ్రీల మధ్య వేడి బాగా కలిసొస్తుంది. మన దగ్గర అక్టోబర్, నవంబర్ లేదా ఫిబ్రవరి బెస్ట్. మేలో మొదలుపెడితే మాత్రం కష్టం.

మొలక చూసి షాక్ అవ్వకండి
ముళ్లు వస్తాయనుకుంటే రెండు ఆకులు వస్తాయి. అవి బీజదళాలు. కొన్నాళ్లకు వాటి మధ్య నుంచి బుల్లి ముళ్ల కుచ్చు బయటకొస్తుంది. గుండ్రటి రకాలైతే మొలక పచ్చ ఆవగింజలా ఉంటుంది, ఆకులు దాదాపు కనిపించవు. నాగజెముడు గింజకు గట్టి పెంకు ఉంటుంది, నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు.

రంగే మీకు సిగ్నల్. ఎర్రగా మారితే వెలుతురు ఎక్కువైంది, కాస్త లోపలికి జరపండి. పాలిపోయి పొడుగ్గా సాగితే వెలుతురు చాలట్లేదు. మొదట్లో నీళ్లలా పారదర్శకంగా అయి పడిపోతే అది బూజు పని. ఆ మొలకను, చుట్టూ ఉన్న మట్టిని చెంచాతో తీసేయాలి. మూత కొంచెం తీసి గాలి ఆడనివ్వాలి. జాలిపడి వదిలేస్తే డబ్బా మొత్తం పోతుంది.

డ్రాగన్ మొలకలకు నెల, నెలన్నర తర్వాత మూత రోజుకు కొంచెం కొంచెంగా తెరుస్తూ అలవాటు చేయాలి. గుండ్రటి రకాలకు రెండు మూడు నెలలు ఆగాలి. ఒక్కసారిగా తీసేస్తే వడిలిపోతాయి.

ఆన్‌లైన్‌లో రంగుల కాక్టస్ విత్తనాలా.. జాగ్రత్త!
కాలేజీ రోజుల్లో నేను కూడా బుక్కయ్యాను. నీలం, గులాబీ, వంకాయ రంగు కాక్టస్‌ల ఫొటో చూసి ఒక సైట్‌లో ప్యాకెట్ ఆర్డర్ పెట్టాను. మొలిచింది గడ్డి! ఆ ఫొటోలన్నీ రంగులు మార్చినవే. నర్సరీల్లో దొరికే ఎర్ర బంతి, పసుపు బంతి కాక్టస్ నిజమే కానీ దానిలో పత్రహరితం ఉండదు. అందుకే పచ్చటి కాండం మీద, చాలాసార్లు డ్రాగన్ ఫ్రూట్ జాతి కాండం మీదే, అంటు కడతారు. సొంత వేర్ల మీద అది బతకలేదు. అంటే ఆ రంగు బంతుల విత్తనం అని ఎవరైనా అమ్మితే మొలిచినా నిలవదు. విదేశాల నుంచి అడక్కుండా విత్తనాల పార్సిల్ వస్తే అస్సలు నాటొద్దు. ఇలాంటి పార్సిళ్ల మీద 2020 ఆగస్టులో కేంద్ర వ్యవసాయ శాఖ హెచ్చరిక కూడా జారీ చేసింది.

విత్తనం నుంచి పెంచడం వెనక ఇంకో కోణమూ ఉంది. ప్రపంచంలోని కాక్టస్ జాతుల్లో 31 శాతం అంతరించిపోయే ముప్పులో ఉన్నాయని 2015లో ఐయూసీఎన్ అంచనా వెల్లడైంది. పెద్ద కారణాల్లో ఒకటి అక్రమంగా తవ్వుకెళ్లడం. 2020లో ఇటలీ పోలీసులు ఒక్కచోటే 1,000కి పైగా అరుదైన కాక్టస్‌లు పట్టుకున్నారు. అవి చాలావరకు చిలీలోని అటకామా ఎడారి నుంచి తవ్వి తెచ్చినవి. వాటిలో 800కి పైగా మొక్కల్ని మరుసటి ఏడాది తిరిగి చిలీకి పంపారు. అడవిలో పెరిగిన పెద్ద మొక్క చవగ్గా దొరుకుతోందంటే ఎక్కడి నుంచి వచ్చిందో అడగాలి.

కుండీ ఎప్పుడు మార్చాలి..?
మొలకలు ఒకదానికొకటి ఆనుకునేదాకా కదపొద్దు. గుండ్రటి రకాలకు ఏడాది పట్టొచ్చు. మార్చేటప్పుడు పాత మిక్స్‌లోనే ఇంకో గ్లాసు గరుకు ఇసుక ఎక్కువ వేసుకోండి. మార్చిన వెంటనే నీళ్లు పోయకూడదు. నాలుగైదు రోజులు ఆగితే తెగిన వేర్లు మానతాయి. డ్రాగన్ మొక్కకు మాత్రం అడుగు ఎత్తు దాటాక ఊతకర్ర పాతాలి. పండ్ల కోసం ఎదురుచూస్తే కనీసం అయిదారేళ్లు. రైతులు విత్తనం కాకుండా కాండం ముక్కలు నాటేది ఇందుకే!