201వ యూనిట్ ఖరీదు

మా అత్తగారు ఉన్నన్నాళ్లూ హాల్లోంచి ఎవరు లేచినా వెనకే వచ్చి లైటు ఆర్పేసేవారు. అరవై వాట్ల బల్బుల కాలం మనిషి. ఆ రోజులకు అది సబబే. ఇప్పుడు మా హాల్లో ఉన్నది తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ. గంటసేపు వెలిగినా, ఆ పాత బల్బు తొమ్మిది నిమిషాలు వెలిగినంత లెక్క. అయినా ఆవిడ అలవాటు నాకు అంటుకుంది. శ్రద్ధగా లైటు ఆర్పి, పొద్దున వేసిన గీజరు ఇంకా ఆన్‌లోనే ఉందని మధ్యాహ్నం గమనించిన రోజులు బోలెడు.

పొదుపు గురించి మన ఇళ్లలో తిరిగే మాటల్లో చాలావరకు ఇంతే. ఒకప్పుడు నిజమైనవి, ఇప్పుడు కానివి కొన్ని. ఒక ఊళ్లో నిజమై, పక్క రాష్ట్రంలో అబద్ధమయ్యేవి ఇంకొన్ని. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుంటే తప్ప తేలవు.

"స్లాబు దాటితే మొత్తం యూనిట్లకీ రేటు మారిపోతుంది"

ఈ ఒక్క మాట మీద నాకూ, విజయవాడలో ఉండే మా వదినకూ ఒక ఎండాకాలం ఫోన్లో అరగంట వాదన జరిగింది. "అదేం లేదమ్మా, దాటిన యూనిట్లకే ఎక్కువ పడుతుంది" అంటుంది వదిన. "కాదు వదినా, మొత్తానికీ పడుతుంది, మాకు పడింది కదా" అంటాను హైదరాబాద్ నుంచి నేను. చివరికి ఇద్దరం బిల్లులు వాట్సాప్‌లో పంపుకున్నాం. ఇద్దరి మాటా నిజమే!

ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి ఇళ్ల కరెంటుకు పూర్తిగా మెట్ల లెక్క. మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఎంత వాడినా కింది మెట్టు యూనిట్లకు కింది రేటే. 225 యూనిట్లకు 1,017 రూపాయలయితే, 226వ యూనిట్ చేర్చేది ఎనిమిది రూపాయల ముప్పావలా. సర్దుబాటు ఛార్జీలంటూ తర్వాత వచ్చిపడేవి వేరే కథ. వాటి సంగతి తీస్తే వదినకు బీపీ పెరుగుతుంది.

తెలంగాణలోనూ మెట్లున్నాయి, కానీ మెట్ల వరుసలు మూడు. నెలకు వంద లోపు వాడేవాళ్లదొకటి, 101 నుంచి 200 దాకా ఒకటి, 200 దాటితే మరొకటి. 2022లో ఖరారైన రేట్ల ప్రకారం రెండో వరుసలో మొదటి వందకు 3.40, తర్వాతి వందకు 4.80. అంటే 200 యూనిట్లకు 820 రూపాయలు. 201 అయిందంటే మూడో వరుసలోకి పోతాం. అక్కడ మొదటి 200కే 5.10 చొప్పున 1,020, పైనున్న ఒక్క యూనిట్‌కు 7.70. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయలు పైచిలుకు! నూరు దగ్గరా ఇలాంటి గుంట ఉంది, కాస్త చిన్నది: 100 యూనిట్లకు 252.50 అయితే, 101కి 344.80. ఇక గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి సున్నా బిల్లు అందుకుంటున్న ఇళ్లకు 200 అన్నది లక్ష్మణరేఖే. దాటిన నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే.

కాబట్టి "ఒక్క యూనిట్‌కే ఏమైపోతుందిలే" అన్నది విజయవాడలో ఫర్వాలేని మాట. హైదరాబాద్‌లో నెలాఖరున అనకూడని మాట.

"ఛార్జరు ప్లగ్గులో వదిలేస్తే బోలెడు కరెంటు పోతుంది"

దీన్ని నేనే పరీక్షించాను. మా మీటరు మీద 3200 ఇంపల్స్ పర్ యూనిట్ అని ముద్రించి ఉంది. అంటే ఒక యూనిట్ కాలేలోపు దాని మీది ఎర్ర దీపం 3200 సార్లు మిణుకుమంటుంది. ఒక ఆదివారం ఫ్రిజ్‌తో సహా ఇంట్లో అన్నీ ఆపేసి, మెట్ల కింద మీటరు ముందు స్టూలు వేసుకు కూర్చున్నాను. పైనుంచి మా అమ్మాయి ఒక్కొక్క స్విచ్చీ వేస్తూ అరుస్తోంది. పక్క ఫ్లాటాయన "ఏమైనా పోయిందా అండీ?" అని అడిగి వెళ్లాడు.

ఉత్త ఛార్జరుకు దీపం మిణుకుమననే లేదు. తర్వాత టీవీని రిమోట్‌తో ఆపి, సెట్‌టాప్ బాక్సూ వైఫై డబ్బా ఉంచమన్నాను. దాదాపు నిమిషానికోసారి ఒక మెరుపు. నిమిషానికొకటి అంటే వినడానికి ఏమీ లేదు, కానీ ఆ రెండూ కలిసి ఇరవై వాట్లు రాత్రింబవళ్లు తింటున్నట్టు. నెలకు 14 యూనిట్లు. ఇక గీజరు వేయమన్నాను. దీపం మిణుకుమనడం మానేసి వణకడం మొదలుపెట్టింది, సెకనుకు రెండుసార్లకు కాస్త తక్కువగా.

అప్పటినుంచి ఛార్జరును దాని ఖర్మానికి వదిలేశాను. సెట్‌టాప్ బాక్సుకు మాత్రం స్విచ్చున్న ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చి, పడుకునేముందు ఆపుతున్నాం.

గీజరు మాట వచ్చింది కాబట్టి దాని చెల్లెలు రాడ్డు సంగతీ. "గీజరు కంటే బకెట్లో రాడ్డు పెట్టుకుంటే చవక" అని చాలామంది నమ్మకం. నీళ్లు వేడెక్కడానికి కావలసినంత కరెంటు కావాల్సిందే, తీగ ఎక్కడుంటే ఏం? ఇరవై లీటర్ల బకెట్‌ను 25 డిగ్రీల నుంచి 40కి తేవడానికి ఎలా చేసినా మూడో వంతు యూనిట్ పైమాటే. రాడ్డుతో కలిసొచ్చేదల్లా బకెట్ నీళ్లు కాగాక ఆపక తప్పకపోవడం. గీజరును అలా ఎవరూ ఆపరు, షవరు కింద నిలబడ్డవాళ్లకు లెక్కే ఉండదు. అంటే ఆదా రాడ్డులో లేదు, బకెట్లో ఉంది. పైగా రాడ్డుకు షాక్ భయమొకటి. పిల్లలున్న ఇంట్లో వద్దు.

ఏసీ 16లో పెడితే గది తొందరగా చల్లబడుతుందన్నది ఇంకొక భ్రమ. మామూలు ఏసీలో కంప్రెసరు తిరిగితే పూర్తి వేగంతోనే తిరుగుతుంది. 16 అని పెట్టడం వల్ల వేగం పెరగదు, ఆగడం ఆలస్యమవుతుందంతే. మొదట్లో చల్లబడే తీరు 24లోనూ అదే. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ లెక్క. 2020 నుంచి వస్తున్న స్టార్ ఏసీలు ఆన్ చేయగానే 24తో మొదలయ్యేది అందుకే. ఫ్యానును మాత్రం ఎవరూ అనుమానించరు. పాత ఫ్యాను 75 వాట్లు, కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను ముప్పై చిల్లర. రోజుకు పదిహేను గంటలు తిరిగే ఫ్యానొకటి మారిస్తే నెలకు ఇరవై యూనిట్లు మిగులుతాయి. మా ఇంట్లో వంటింటి పక్క గదిదే మొదట మార్చాం, రోజంతా తిరిగేది అదే కాబట్టి. చుట్టాలొస్తే తప్ప తిరగని గదిలో ఫ్యాను మార్చి ఉపయోగం లేదు.

"ఇండక్షన్ పొయ్యి గ్యాసు కంటే చవక"

"కాదు, గ్యాసే చవక" అనేవాళ్లూ అంతమంది ఉన్నారు. రెండూ సగం సగం నిజాలే. 14.2 కిలోల బండలో ఉన్న వేడిలో మూడో వంతు గిన్నె పక్కల నుంచి వంటింట్లోకే పోతుంది. ఇండక్షన్‌లో పోయేది తక్కువ. ఈ రెండు నష్టాలూ లెక్కలో వేస్తే, ఒక బండతో అయ్యే వంటకు ఇండక్షన్ మీద సుమారు 140 యూనిట్లు పడతాయి. కాబట్టి బండ ధరను 140తో భాగించండి. తొమ్మిది వందలనుకుంటే ఆరున్నర రూపాయలకు కాస్త తక్కువ వస్తుంది. ఇప్పుడు మీ బిల్లులో ఆఖరి యూనిట్ ఏ రేటుకు పడుతోందో చూడండి. అది 4.80 అయితే ఇండక్షన్ లాభం. 7.70 అయినా, 8.75 అయినా నష్టం. సరాసరి రేటు చూసి మోసపోకూడదు, కొత్తగా చేరే వంట ఎప్పుడూ పై మెట్టు మీదే కూర్చుంటుంది. హైదరాబాద్‌లో 180 యూనిట్లు వాడే ఇల్లు ఇండక్షన్ కొని 201లో పడితే, ఆ నెల చేసిన ఆదా అంతా 201వ యూనిట్ మింగేస్తుంది.

పప్పు నానబెట్టి కుక్కర్లో పెట్టడం, విజిల్ రాగానే మంట తగ్గించడం మాత్రం ఏ రాష్ట్రంలోనైనా లాభమే. విజిల్స్ లెక్కపెట్టడం వంట కాదు, ఆవిరి వృథా చేయడం.

"పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవకే"

నూనె ప్యాకెట్ తీసుకోండి. లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములు. షాపులో "లీటరు ప్యాకెట్టు ఇవ్వు" అంటాం, వాళ్లూ ఇస్తారు. ఇంటికొచ్చి తిప్పి చూస్తే కొన్నింటి మీద 850 గ్రాములనే ఉంటుంది. కవరు అంతే, చేతికి బరువు అంతే అనిపిస్తుంది, తగ్గింది అరవై గ్రాములు. కంపెనీ అబద్ధం రాయలేదు, మనమే చదవలేదు. ప్యాకెట్ల మీద ఇప్పుడు గ్రాముకు లేదా కిలోకు ఎంత పడుతోందో కూడా వేయాలన్న నిబంధన ఉంది. ఎంఆర్‌పీ పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. కళ్లజోడు తీసుకెళ్లి అది చూస్తే, కిలో ప్యాకెట్ కంటే రెండు అరకిలోలే చవకైన సందర్భాలు తరచుగా దొరుకుతాయి, ఆఫర్ల రోజుల్లో మరీను.

ఇంకొకటి ఏ లేబులూ చెప్పదు. ఐదు లీటర్ల డబ్బా ఇంట్లో ఉన్న నెల మా ఇంట్లో బజ్జీలు ఎక్కువ వేగుతాయి.

ఏడాది సరుకు సంగతి కూడా ఇక్కడే. ఎండాకాలంలో ఏడాదికి సరిపడా తెచ్చుకోవడం మన పెద్దల తెలివే, అయితే వాళ్లు అన్నీ అలా తెచ్చేవారు కాదు. బియ్యం పాతబడేకొద్దీ అన్నం ఒదుగుతుంది, కాబట్టి బస్తాలు వేసుకునేవారు. చింతపండు గింజ తీసి ఉప్పు వేసి జాడీకెత్తేవారు. మిరపకాయలు ఎండబెట్టి దాచేవారు. రవ్వలూ పిండ్లూ మాత్రం ఎప్పటికప్పుడే. మనం ఫ్లాట్లలో ఎండ తగలని అలమరలో ఐదు కిలోల బొంబాయి రవ్వ పెట్టి, శ్రావణమాసానికి అది ముక్కిపోయి పురుగు పట్టాక పనమ్మాయికి కూడా ఇవ్వలేక పారబోస్తున్నాం. పారబోసిన దాన్ని లెక్కలో వేస్తే ఆ డిస్కౌంటు ఏ మూలకూ రాదు.

"వడ్డీ లేని వాయిదాలే కదా"

ముప్పై వేల ఫ్రిజ్‌ను క్రెడిట్ కార్డుతో నో కాస్ట్ ఈఎంఐ మీద తీసుకున్నామనుకుందాం. బ్యాంకు వడ్డీ వేయకుండా ఉండదు. వేసిన వడ్డీని, ఉదాహరణకు 1,800 రూపాయలను, అమ్మేవాళ్లు ధరలో తగ్గించి చూపిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 324 రూపాయలు, మన నెత్తినే. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద మళ్లీ జీఎస్టీ. అన్నిటికంటే పెద్దది, మొత్తం ఒకేసారి కడితే ఇచ్చే తగ్గింపు మనకు రాకపోవడం. అది అడిగితే తప్ప చెప్పరు. రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే, సున్నా వడ్డీ అన్న మాటే అసలు లేదని బ్యాంకులకు తేల్చి చెప్పింది. ఆ తర్వాత వచ్చిన కొత్త పేరే "నో కాస్ట్". అవసరమైతే తీసుకోండి, నేనూ తీసుకున్నాను, ఉచితమని మాత్రం అనుకోకండి.

కొన్నింటికి ఇంత వివరం అక్కర్లేదు. తెల్లవారుజామున పెట్రోలు పోయించుకుంటే ఎక్కువ వస్తుందంటారు. ట్యాంకు భూమి లోపల ఉంటుంది, అక్కడ పొద్దునకూ మధ్యాహ్నానికీ వేడిలో తేడా పెద్దగా ఉండదు. వందకు బదులు నూటపది పోయించుకుంటే మోసం జరగదన్నదీ అంతే. అనుమానముంటే బంకులో ఐదు లీటర్ల కొలత పాత్ర ఉండాలి, కొలిచి చూపించమని అడగొచ్చు.

చవక మందులు పనిచేయవన్న మాటను మాత్రం అంత తేలిగ్గా వదలను, ఎందుకంటే యాభై దాటిన ఇళ్లలో కరెంటు బిల్లు కంటే మందుల బిల్లే పెద్దది. 2008లో మొదలైన జన ఔషధి దుకాణాల్లో అమ్మేది అదే మందు, బ్రాండు పేరు లేకుండా. డాక్టరుగారిని అడిగి మార్చాక మా ఆయన బీపీ మాత్రల ఖర్చు పావు వంతుకు దిగింది, బీపీ ఎప్పట్లాగే ఉంది. థైరాయిడ్, మూర్ఛ మందులు మాత్రం డాక్టరు చెప్పకుండా మార్చకూడదు. అక్కడ కొద్ది తేడా కూడా తేడానే.

నిన్న సాయంత్రం మీటరు చూస్తే ఈ నెల లెక్క 193 యూనిట్లు. బిల్లు తీసే అబ్బాయి రావడానికి ఇంకా రెండు రోజులుంది, మా వాడకం రోజుకు ఆరూ ఏడూ మధ్య. ఇస్త్రీ బట్టలు మూటగట్టి మంచం కింద పెట్టాను. ఇండక్షన్ పొయ్యి మీద గిన్నెలు బోర్లించేశాను. మా అమ్మాయి ఏసీ రిమోట్ కోసం వెతుకుతోంది. అది బియ్యం డబ్బాలో ఉంది.