మే ఎండల్లో తోట కుక్కకు దూకడం, దూరడం, ఆగడం నేర్పుదాం

ఘనజీవామృతం తయారీ వీడియోలో నా వెనకాల ఒక ఎర్ర కుక్క రెండు ఇటుకల మీద పెట్టిన వెదురు బొంగును దూకి పోతుంటుంది, మీలో కొందరు గమనించే ఉంటారు. ఆ వీడియో పెట్టినప్పటి నుంచి ఘనజీవామృతం గురించి అడిగేవాళ్ల కన్నా ఆ కుక్క గురించి అడిగేవాళ్లే ఎక్కువయ్యారు. దాని పేరు చిట్టి. జాతి ఏందంటే మన ఊరి జాతే. వయసు మూడేళ్లు. ఈ ఎండల్లో దానికి ఎట్లా నేర్పిస్తున్నానో ఈసారి వీడియోలో పూర్తిగా చూపించాను. వీడియోలో చెప్పడానికి టైము చాలని సంగతులు ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక మాట. ఎండాకాలంలో కుక్కకు ట్రైనింగ్ ఎందుకు, చలికాలంలో నేర్పుకోవచ్చు కదా అంటారు. టౌన్లో ఉండేవాళ్లకు అది నిజమే. మనకు మాత్రం ఖాళీ దొరికేది ఏప్రిల్, మే నెలల్లోనే. జూన్ చివర, జూలైలో శెనక్కాయ ఇత్తనం పడిందంటే మళ్లీ తల ఎత్తేది ఉండదు. కాయ ఊరే సమయానికి అడవి పందులు దిగుతాయి. అప్పటికి కుక్క మాట వినేదై ఉండాలి. అంటే మనకు తీరిక ఉండే కాలమూ, కుక్క ప్రాణానికి గండం ఉండే కాలమూ ఒకటే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వాన పడే జిల్లా మనది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మనకేమీ కొత్త కాదు. కాబట్టి నేర్పే పద్ధతి కన్నా ముందు ఎండ లెక్క తెలియాలి.

ఈ ఆటకు ఇంగ్లీషులో అజిలిటీ అని పేరు. 1978లో లండన్‌లో జరిగిన క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శనలో, ఒక పోటీకీ ఇంకో పోటీకీ మధ్య జనానికి కాలక్షేపంగా దీన్ని మొదటిసారి చూపించారు. గుర్రాలు అడ్డుకర్రలు దూకే పోటీలను చూసి కుక్కలకు అట్లాంటిదే తయారు చేశారు. దూకే కర్రలు, దూరే సొరంగం, వరసగా పాతిన కర్రల మధ్య పాము మాదిరి మెలికలు తిరిగి పోవడం, ఏటవాలు పలక ఎక్కి దిగడం, ఇవే అందులో ముఖ్యం. కప్పులు, మెడల్స్ మనకొద్దు. కానీ దూరంగా ఉన్న మనిషి మాటకు, చేతి సైగకు కుక్క పరుగు మధ్యలో కూడా ఒదగడం అనే పని ఉంది చూడండి, అది మన చేనుకు కావాల్సిందే.

కుక్కకు మన మాదిరి ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల అడుగున కొద్దిగా పడుతుంది, దానితో ఒరిగేదేమీ లేదు. నాలుక చాపి రొప్పడమే దాని కూలర్. నాలుక మీద, నోట్లో, ముక్కులో తడి ఆరేటప్పుడు ఒళ్లు చల్లబడుతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ మధ్య ఉంటుంది. మనకు జ్వరం అనిపించేది దానికి మామూలు. 105 దాటిందంటే మాత్రం వడదెబ్బ కిందే లెక్క, లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది.

ఇక్కడ మన పీఠభూమికి ఒక మేలుంది. మన గాలి పొడి గాలి. తడి తొందరగా ఆరుతుంది, కాబట్టి రొప్పితే ఫలితం ఉంటుంది. అందుకే కోస్తాలో ఉక్కపోతకు అల్లాడే కుక్క కన్నా మన కుక్క కాస్త మెరుగ్గా తట్టుకుంటుంది. కాకపోతే నీళ్లు ఎక్కువ ఖర్చవుతాయి. అసలు మోసం ఎక్కడుందంటే, మే నెలలో సాయంత్రం ఒక జల్లు పడి మబ్బు పట్టిన మరుసటి రోజు. మనకు ఎండ తక్కువుంది, హాయిగా ఉందనిపిస్తుంది, ఇంకో నాలుగు రౌండ్లు తిప్పుదాం అనుకుంటాం. ఆ రోజు గాలిలో తేమ ఎక్కువ. కుక్క ఎంత రొప్పినా తడి ఆరదు, వేడి లోపలే నిలబడిపోతుంది. జల్లు పడిన మర్నాడు నేను చిట్టి చేత ఏ ఆటా ఆడించను. ఉక్కపోత తగ్గేదాకా సెలవే.

ఏ వేళల్లో నేర్పాలో గొర్ల కాపర్లను చూస్తే చాలు. ఎండాకాలంలో మన చేలల్లో ఎరువు కోసం గొర్ల మంద తోలించుకుంటాం కదా. పోయిన వేసవిలో మా చేన్లో మంద ఆపిన పెద్దాయనకు రెండు కుక్కలున్నాయి. పొద్దున ఎనిమిది, ఎనిమిదిన్నర దాటితే అవి కానుగ చెట్టు కింద మన్ను తోడుకుని, చల్లటి గుంటలో పొట్ట ఆనించి పడుకునేవి. "తాతా, పగలంతా నిద్రేనా వీటికి?" అని అడిగితే ఆయన నవ్వి, "రాత్రంతా కావలి కాసేది అదేనప్పా. పగలు నువ్వు కాస్తావా ఏంది?" అన్నాడు. ఆ రెండు కుక్కలూ ఎవరూ చెప్పకుండానే తమ టైంటేబుల్ తామే వేసుకున్నాయి. మన పెంపుడు కుక్క తీరు వేరు. మనం పిలిస్తే మనల్ని సంతోషపెట్టడానికి మిట్టమధ్యాహ్నం కూడా లేచి పరిగెత్తుతుంది. ఆ తెలివి మనమే చూపాలి.

నా టైము పొద్దున 5 గంటల నుంచి ఆరున్నర లోపల. సాయంత్రం చాలామంది చల్లబడిందని ఆరు, ఏడు గంటలకు మొదలుపెడతారు. గాలి చల్లబడుతుందేమో కానీ నేల చల్లబడదు. ఎర్రమన్ను, గరుసు, బండరాయి పగలంతా తాగిన వేడిని రాత్రి ఎనిమిది దాకా వదులుతూనే ఉంటాయి. కుక్క మన కన్నా నేలకు ఎంత దగ్గరగా ఉంటుందో చూడండి. చెయ్యి వెనక్కి తిప్పి, వేళ్ల వెనక భాగాన్ని నేల మీద ఆనించి ఏడు లెక్కపెట్టండి. మీరు ఆగలేకపోతే కుక్క పాదాలూ ఆగలేవు. బయట 40 ఉన్న రోజు మధ్యాహ్నం వట్టి నేల పైపొర 55 డిగ్రీలు దాటడం మామూలే.

ఇక్కడే మన ప్రకృతి వ్యవసాయం పనికొస్తుంది. ఆచ్ఛాదన కప్పిన నేలా, దున్ని వదిలేసిన నేలా పక్కపక్కన పెట్టి చేత్తో చూడండి. తేడా తెలియడానికి థర్మామీటర్ అక్కర్లేదు. నేను కుక్క ఆటకు మామిడి వరసల మధ్య చోటు తీసుకున్నా. ఏప్రిల్‌లో నవధాన్యాలు చల్లిన చోటును వదిలేసి, దాని పక్కన శెనక్కాయ పొట్టు అరచెయ్యి మందాన పరిచా. మెత్తగా ఉంటుంది, దూకి దిగినప్పుడు కీళ్లకు దెబ్బ తగలదు. ముందురోజు రాత్రి కాసిని నీళ్లు చిలకరిస్తే పొద్దున్నే చల్లగా ఉంటుంది. పొట్టు పరిచే ముందు పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు ఒకటికి రెండుసార్లు ఏరండి. కంది కోసిన చేనైతే ఆ చోటే వద్దు. ఏటవాలుగా కోసిన కంది మోళ్లు కత్తుల్లాంటివి, దూకిన కుక్క పొట్ట చీలిపోతుంది.

సామాన్లకు నాకు పెద్దగా ఖర్చేమీ కాలేదు. దూకడానికి రెండు వైపులా ఇటుకలు, వాటి మీద వెదురు బొంగు. బొంగును కట్టెయ్యకూడదు, కాలు తగిలితే కింద పడిపోవాలి. దూరడానికి నాలుగు గోనె సంచులు మూతులు విప్పి వరసగా కుట్టి, వంచిన పాత డ్రిప్ మెయిన్ పైపు మీద కప్పా. చాలామంది ప్లాస్టిక్ డ్రమ్ము రెండు వైపులా కోసి వాడుతున్నారు. ఎండాకాలంలో అది పొయ్యి. రేకులతో ఏటవాలు పలక చెయ్యడం కూడా అంతే, చెక్క పలకే పెట్టండి, దాని మీద గోనె పట్టా కొట్టండి. మెలికలు తిరగడానికి ఆరు కర్రలు చాలు, ఒక్కోదాని మధ్య రెండడుగుల ఎడం, పై కొసలు గుండ్రంగా ఉండాలి.

నేర్పడం మాత్రం నిదానంగా సాగాలి. ఏడాది నిండని పిల్లకు దూకుళ్లు వద్దు, ఎముకలు ఇంకా పెరుగుతుంటాయి. పిల్లలకు నేల మీదే బొంగు పెట్టి దాటించడం, గోనె సొరంగంలో దూరడం చాలు. పెద్ద కుక్కకైనా మొదటి వారం బొంగు ఒక ఇటుక ఎత్తే. ఒక విడత ఐదు నిమిషాలు, తర్వాత పది నిమిషాలు నీడలో విశ్రాంతి, అట్లా పొద్దునకు మూడు విడతలు. అంతకు మించొద్దు. ఇంకా ఆడాలని గోల చేస్తున్నప్పుడే ఆపేస్తే మర్నాడు అదే ముందొచ్చి నిలబడుతుంది. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి కుక్కకు రెండు వారాలైనా పడుతుంది, కాబట్టి మే నెల నడుమ హఠాత్తుగా మొదలుపెట్టకండి. మార్చి చివర నుంచి కొంచెం కొంచెంగా పెంచుకుంటూ రండి.

మాటలు పొట్టిగా ఉండాలి, ఒకదానికొకటి పోలిక ఉండకూడదు. నేను వాడేవి: దూకు, లోపలికి, చుట్టు, రా, ఆగు. ఇంట్లో అందరూ అవే మాటలు వాడాలి. మా అమ్మ ఆగు అనే బదులు "నిలబడే" అనేది, దాంతో చిట్టికి పది రోజులు అయోమయం. సరిగ్గా చేసిన వెంటనే ఉడికిన గుడ్డు ముక్క, చిటికెన గోరంత. కొట్టడం, తిట్టడం వద్దు. భయపడిన కుక్క ఒళ్లు ఇంకా తొందరగా వేడెక్కుతుంది.

ఈ ఐదు మాటల్లో నాలుగు వచ్చి "ఆగు" రాకపోతే, నా దృష్టిలో ఆ కుక్కకు ఏమీ రానట్టే. కారణం చెప్తా. పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగలు లాగేవాళ్లు ఇంకా ఉన్నారు. అది నేరం, మనుషులే చచ్చిపోతున్నారు. ఉచ్చులు పెట్టేవాళ్లూ ఉన్నారు. వాసన పట్టి పరిగెత్తే కుక్కకు తీగ కనపడదు. పరుగు మధ్యలో ఉన్న కుక్కను ఒక్క మాటతో ఆపగలిగితే అది బతుకుతుంది. అందుకే చిట్టి చేత మొదటి బొంగు దూకించి, రెండో బొంగు చేరేలోపల "ఆగు" అంటాను. ఆగితే గుడ్డు ముక్క డబుల్. ఆగకపోతే ఏమీ అనను, మళ్లీ మొదటి నుంచి, ఇంకా దగ్గర నుంచి. ఈ ముక్క వీడియోలో ఎనిమిదో నిమిషం దగ్గర ఉంది, చూడండి.

అట్లనే పందిని, జింకను కుక్కతో తరిమించి పట్టించడం మన పని కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది వేట అవుతుంది. ఉరవకొండ, గుంతకల్లు వైపు చేలల్లో కృష్ణ జింకలు మందలుగా తిరుగుతుంటాయి, వాటికైతే ఆ చట్టంలో అన్నింటికన్నా గట్టి రక్షణ ఉంది. పైగా కోరల పంది ఎదురు తిరిగితే కుక్క పేగులు బయటకొస్తాయి. గట్టు మీద నిలబడి మొరగడం, మనల్ని లేపడం, పిలిస్తే వెనక్కి రావడం, అక్కడితో దాని డ్యూటీ అయిపోవాలి.

తిండి సంగతి. ఆట ముందు కడుపు నిండా పెట్టొద్దు. ఆట అయిపోయి, రొప్పడం పూర్తిగా తగ్గి, గంట గడిచాకే తిండి. ఎండాకాలంలో చిట్టికి పొద్దున రాగి సంగటి మజ్జిగలో కలిపి, రాత్రి గుడ్డో, మాంసమో. ఉల్లిగడ్డ, ద్రాక్ష, చాక్లెట్ కుక్కకు విషం. మన తోటల్లో ఇంకో ప్రమాదం ఉంది, దీని గురించి ఎవరూ చెప్పరు. అగ్నిఅస్త్రంలో పొగాకు, మిరప, వెల్లుల్లి ఉంటాయి కదా, కాచి చల్లార్చడానికి పెట్టిన కుండకు మూత లేకపోతే దాహానికి కుక్క మూతి పెడుతుంది. పొగాకు దానికి ప్రాణాంతకం. జీవామృతంలో బెల్లం, పప్పు పిండి వాసనకు కూడా ఎగబడుతుంది. అన్నింటికీ మూతలు పెట్టండి. తాగడానికి మట్టి తొట్టి నీడలో ఎప్పుడూ ఉండాలి.

వడదెబ్బ గుర్తులు ఇంట్లో అందరికీ నేర్పండి. నాలుక కొస గరిటె మాదిరి వెడల్పుగా వాలిపోతుంది. చొంగ చిక్కగా, జిగురుగా వస్తుంది. చిగుళ్లు ఇటుక రంగుకు తిరుగుతాయి. పిలిస్తే పలకదు, తూలుతుంది, వాంతి చేసుకుంటుంది. ఇందులో ఏ ఒక్కటి కనపడినా ముందు చల్లబరచండి, తర్వాతే ఆసుపత్రి. నీడకు తీసుకెళ్లి ఒళ్లంతా నీళ్లు పొయ్యండి, ముఖ్యంగా పొట్ట, తొడల సందు, పాదాలు. తడిపిన ఒంటికి గాలి తగలాలి, తువ్వాలుతోనో, చేటతోనో విసరండి. తడి గోనె కప్పి వదిలెయ్యకండి, కాసేపటికి అదే వేడిని లోపల బంధిస్తుంది. స్పృహ సరిగా లేని కుక్క నోట్లో బలవంతంగా నీళ్లు పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంకో సంగతి, ఎండలో పడి ఉన్న నల్ల పైపులో నీళ్లు మరుగుతుంటాయి. హడావిడిలో మోటార్ వేసి ఆ మొదటి నీళ్లే కుక్క మీద పోశారంటే కాల్చినట్టే. పైపు నీళ్లు చల్లగా వచ్చేదాకా పక్కకు వదిలి, చేత్తో చూసి అప్పుడు పొయ్యండి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశు వైద్య వాహనం గురించి చెప్తారు, ఒకరు ఫోన్‌లో ఉండగా ఇంకొకరు నీళ్లు పోస్తూనే ఉండాలి. లేచి నడిచినా సరే, డాక్టరుకు చూపించాల్సిందే, కిడ్నీలు దెబ్బతింటే ఆ సంగతి ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడుతుంది.

ఏ జాతి కొనాలి అని అడిగేవాళ్లకు నా జవాబు సూటిగా చెప్తా. హస్కీని తెచ్చి అనంతపురంలో కట్టేసేవాళ్ల మీద నాకు కోపమే. ముక్కు చప్పిడిగా ఉండే పగ్‌కు ఈ ఎండలో ఊపిరే కష్టం, ఆటల సంగతి ఎత్తొద్దు. పోటీలకే పోవాలని సరదా ఉంటే పక్కనే కర్ణాటకలో ముధోల్ కుక్కలున్నాయి. బాగల్‌కోట్ జిల్లా తిమ్మాపూర్‌లో వాటి కోసం ప్రభుత్వ పరిశోధన కేంద్రమే ఉంది, మన తపాలా శాఖ 2005లో ఆ కుక్క మీద స్టాంపు కూడా వేసింది. సన్నటి ఒళ్లు, పొట్టి వెంట్రుకలు, మన వాతావరణానికి సరిపోతుంది. కానీ అది చూపుతో వేటాడే కుక్క, కుందేలు కనపడితే మీ "ఆగు" దాని చెవికెక్కడం కష్టం. చేను కావలికి ఊర్లో పుట్టిన పిల్లను తెచ్చుకోండి. మన ఎండలో తరతరాలుగా పుట్టి పెరిగిన రకం అది.

రేబిస్ టీకా మూడు నెలల వయసులో మొదలుపెట్టి ఏటా వేయించండి, ఇది మాత్రం వాయిదా వెయ్యకూడదు. ఎండాకాలంలో గోమార్లు కూడా విపరీతం, ఆట అయ్యాక పాదాల వేళ్ల సందులు, చెవుల వెనక రోజూ చూడాలి. ముళ్లూ దొరుకుతాయి, గోమార్లూ దొరుకుతాయి. చిట్టి బొంగు ఇప్పుడు రెండు ఇటుకల ఎత్తులో ఉంది. తొలకరి పడి నేల చల్లబడ్డాక మూడో ఇటుక పెడతాను, ఆ వీడియో జూలైలో ఇత్తనం పని అయ్యాక వస్తుంది.